బి.ఇడి. చదివిన డ్రైవరు

బౌరంపేట్‌లో బడి నడిపే నరసింహ పటేల్ ఆ పొద్దున వేసిన పథకం చాలా చిన్నది. గుర్తింపు తనిఖీకి అధికారి మనోరమ వస్తున్నారు. బి.ఇడి. లేని టీచరు ఒక్కరు కనిపించినా బడికి తాళమే. ఆ ఒక్కడు పటేల్ మేనల్లుడు మహేష్. ఏడో తరగతికి సైన్సు చెబుతాడు, డిగ్రీ కూడా గట్టెక్కలేదు. బి.ఇడి. ఉన్న ఓదెలేమో బడి బస్సు నడుపుతాడు.

టీచరు ఉద్యోగం ఇమ్మని ఓదెలు ఏటా అడుగుతూనే ఉన్నాడు. "స్టీరింగు పట్టినోణ్ణి సారని ఎవరంటరు?" అని పటేల్ ఏటా తోసేశాడు. పాపం, ఓదెలుకు చదువుంది కానీ మేనమామ లేడు.

"ఓదెలూ, ఇయ్యాల ఒక్క పూట నువ్వే సైన్సు సారువి. నీ ఖాకీ అంగీ మా అల్లునికియ్యి," అన్నాడు పటేల్.

"మామా, నాకు స్కూటర్ గూడ రాదు," అన్నాడు మహేష్.

"నడుపుమన్ననా? ఊకె బస్సుల కూసో."

ఓదెలు అంగీ విప్పి ఇచ్చి, తెల్ల చొక్కా తొడుక్కుని క్లాసులోకి వెళ్ళాడు. బస్సుకు బ్రేకేస్తే మనం ముందుకెందుకు తూలుతామో చెప్పాడు. రోజూ తూలే పిల్లలే కనుక చప్పున అర్థమైంది. మనోరమ వెనక బెంచీలో కూర్చుని ముచ్చటగా విన్నారు. ఇంతలో అశ్రిత అనే పిల్ల లేచి, "ఓదెలన్నా, ఇయ్యాల బస్సెవరు నడుపుతరు?" అంది.

"పిల్లలకు సారంటే మస్తు చనువు మేడం," అని పటేల్ చెమట తుడుచుకున్నాడు.

తనిఖీ అక్కడికి గట్టెక్కేదే. మేడం జీపు మొరాయించింది. "మీ బస్సులో మేడ్చల్ దాకా దించండి," అన్నారామె. బస్సులో కూర్చున్న మహేష్ తల పట్టుకుని, "కండ్లు తిరుగుతున్నయ్ మేడం," అన్నాడు.

"కళ్ళు తిరిగేవాడికి పిల్లల బస్సు ఇచ్చారా? ఏదీ, లైసెన్సు చూపించు."

పటేల్ క్లాసుకు పరుగెత్తాడు. "ఓదెలూ, జల్దీ రా, బస్సు తియ్యి." వెనకే మేడం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

ఓదెలు సుద్దముక్క కింద పెట్టలేదు. "సారుతోని బస్సు నడిపిస్తరా పటేలా? నేను సారునా, డ్రైవర్నా? మేడం ముంగటనే జెప్పు."

"ఒక్క పూటనే అంటిగదరా," అని పటేల్ గొణిగాడు.

"ఏటేటా అడిగిన. ఏటేటా ఎల్లగొట్టినవ్. ఇగ నేను ఈ క్లాసు ఇడిసిపెట్ట. సారునైతే నౌకరి ఆర్డర్ రాసి సంతకం పెట్టు. డ్రైవర్నైతే గదే జెప్పు, ఇప్పుడే దిగుత."

డ్రైవరంటే బడి పోతుంది. పటేల్ పిల్లల బెంచీ మీదే కాగితం పెట్టి ఆర్డర్ రాసి సంతకం చేశాడు. మనోరమ దాన్ని చదివి, ఓదెలుకు ఇచ్చి, ఆటోలో మేడ్చల్ వెళ్ళిపోయారు. మహేష్‌ను పటేల్ ఆ సాయంత్రమే డ్రైవింగ్ నేర్చుకోవడానికి పంపాడు.

నడక ఆరోగ్యానికి ఎంతో మంచిదని మరునాడు పిల్లల ఇళ్ళకు బడి నుంచి చీటీలు వెళ్ళాయి.