పచ్చికలో దిగే అభ్యాసం

"ఈ విమాన క్లబ్బు పుట్టిన నాటి నుంచి నేటి వరకు ఇక్కడ ప్రమాదమనేది జరగలేదు, జరగదు, జరగనివ్వం!" అని సభలో మైకు అదిరిపోయేలా ప్రకటించారు ప్రెసిడెంటు గారు.

నిజమే మరి. అక్కడ జరిగేవన్నీ అభ్యాసాలు! గాలిలో ఇంజను ఆగిపోతే అది ఇంజను లేకుండా దిగే అభ్యాసం. చక్రం పగిలితే చక్రం మార్చే అభ్యాసం. కోశాధికారి గారు ఒకసారి షెడ్డు తలుపు పూర్తిగా తెరిపించకుండానే విమానాన్ని బయటికి తోయించి రెక్క కొస వంచేశారు. దానికి "ఇరుకు స్థలాల్లో మెలకువల అభ్యాసం" అని పేరు పెట్టి, దాని మీద ఆయనచేతనే ఉపన్యాసం కూడా ఇప్పించారు. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఇలా పేర్లు పెట్టడంలో చెయ్యి తిరిగినవారు క్లబ్బులో విమానం నడపడం నేర్పే మాస్టారు. ఆ రోజు మాత్రం ఆయన ముందు వరుసలో కూర్చుని, ఊరికే చెమటలు తుడుచుకుంటున్నారు. దానికి కారణం పెద్దమ్మ.

పెద్దమ్మ అంటే చుట్టం కాదు. క్లబ్బులోకెల్లా పాత విమానం, ఇద్దరు పట్టేది. కిందటి వారం మాస్టారు ఒక్కరే దాన్ని తీసుకుని వెళ్లి తిరిగి వస్తుంటే, ఇంజను దగ్గి, మూలిగి, ఊరుకుంది. పెట్రోలు ముల్లు చూస్తే సగం దగ్గర హాయిగా కూర్చుంది. ట్యాంకులో మాత్రం చుక్క లేదు! మాస్టారు ఎలాగోలా కంచె అవతల పచ్చికలో దించారు. అక్కడ మేస్తున్న ఆవులు పక్కకు తప్పుకుని, ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ మేతలో పడ్డాయి.

ప్రెసిడెంటు గారు ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చారు. "ఏంటి మాస్టారూ ఇది?"

"పచ్చికలో దిగే అభ్యాసమండి" అన్నారు మాస్టారు, తడుముకోకుండా.

"అబ్బో!" అని ప్రెసిడెంటు గారు మురిసిపోయారు.

ఇక ముల్లు సంగతి ఎలా చెబుతారు? అది చెబితే ఇంజను సంగతి చెప్పాలి, ఇంజను సంగతి చెబితే పరువు పోతుంది. అందుకని ఆ రోజు నుంచి ఎవరూ చూడకుండా తానే పెద్దమ్మకు పెట్రోలు పోసి వస్తున్నారు. ఈ రోజు పొద్దుటి నుంచి అతిథి మర్యాదలతో షెడ్డు వైపు వెళ్లే తీరికే దొరకలేదు.

ఆ అతిథి భద్రతాధికారిణి. చిన్న విమానాల ప్రమాదాల నుంచి పాఠాలు నేర్పడానికి వచ్చారు. "చిన్న పొరపాటును దాచిపెడితే అది ఇంకొకరి ప్రాణం మీదికి వస్తుంది. ఎవరినీ శిక్షించం. మీకు జరిగినవి భయపడకుండా చెప్పండి" అన్నారు.

సభలో అందరూ ఒక్కసారిగా పైకప్పును పరిశీలించడం మొదలుపెట్టారు.

"చెప్పడానికి ఏమన్నా ఉంటే కదండీ!" అని నవ్వారు ప్రెసిడెంటు గారు. "అది వదిలేయండి. ఇప్పుడు అసలు విశేషం! మన మాస్టారి అమ్మాయి మొట్టమొదటిసారి ఒంటరిగా పెద్దమ్మను నడిపి, వాళ్ల నాన్నగారు కనిపెట్టిన పచ్చిక అభ్యాసం చేసి చూపిస్తుంది!"

మాస్టారు చెమట తుడుచుకోవడం ఆపేశారు. పక్కనే కూర్చున్న కూతురు లేచి నిలబడింది.

"నీకీ బుద్ధి ఎవరు పుట్టించారే?"

"నువ్వే నాన్నా! వారం నుంచి భోజనాల దగ్గర ఇదే గొప్ప కదా. అమ్మ చెవులు మూసుకున్నా ఆపలేదు. నీలాగే ఇంజను ఆపేసి మరీ దిగుతా, చూడు!"

"పెట్రోలు... పెట్రోలు చూశావా?"

"సగం ఉంది. పొద్దున కోశాధికారి గారు ఓ చుట్టు తిప్పొచ్చినా ముల్లు కాస్త కూడా తగ్గలేదు. మన పెద్దమ్మ ఎంత పొదుపరో!"

అమ్మాయి గుమ్మం వైపు నడిచింది. ఒక పక్క ఇన్నాళ్ల పేరు, ఉద్యోగం. ఇంకో పక్క ఆ నడిచి వెళ్తున్న పిల్ల. మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఆగవే!" అని సభంతా ఉలిక్కిపడేలా అరిచారు. "అది అభ్యాసమూ కాదు, నా బొందా కాదు! ఆ రోజు పెట్రోలు అయిపోయింది. ముల్లు సగం దగ్గరే ఇరుక్కుపోయింది. ఎగిరే ముందు ట్యాంకులో కర్ర ముంచి చూసుకోవాలి, బద్ధకించాను. తర్వాత సిగ్గుపడి దాచాను. నేను బతికింది ఆవులు తప్పుకోబట్టి!"

అంతలో కోశాధికారి గారు గొంతు సవరించుకున్నారు. "ముల్లు కదలట్లేదని పొద్దున నాకూ అనుమానమొచ్చింది. ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నా. అన్నట్టు... ఆ షెడ్డు తలుపు కూడా నా తొందరే."

"నాదీ ఒకటుంది!" అన్నారు వెనక నుంచి ఎవరో. ఇంకొకరు లేచారు. మరొకరు లేచారు. చూస్తుండగానే సభ కళకళలాడిపోయింది. నా తప్పు పెద్దదంటే నా తప్పు పెద్దదని పోటీలు పడ్డారు!

ప్రెసిడెంటు గారు మైకు లాక్కున్నారు. "చూశారా మేడమ్! ఇదే మా క్లబ్బు ప్రత్యేకత. తప్పులు ఒప్పుకునే అభ్యాసం! ఎంత సహజంగా చేశారో! నిజంగా జరిగినట్టే లేదూ?"

అలవాటు కొద్దీ చప్పట్లు మోగాయి. లేచినవాళ్లంతా హమ్మయ్య అనుకుని కూర్చున్నారు. మాస్టారొక్కరే నిలబడి ఉన్నారు. కూతురు వెనక్కి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"అద్భుతం!" అన్నారు అధికారిణి. "అంటే పెద్దమ్మకు ఏ జబ్బూ లేదన్నమాట."

"నిక్షేపంలా ఉందండి!"

"అయితే పిల్లనెందుకు పంపడం? మీరూ పైలటే కదా, ముందు మీరు ఎక్కండి. చూసి ఆనందిస్తాను."

సభంతా ప్రెసిడెంటు గారిని ఊరేగింపుగా పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఒక కాలు మెట్టు మీద పెట్టారు. లోపల ముల్లు చూశారు. సగం! కంచె అవతలకి చూశారు. ఆవులు కూడా ఇటే చూస్తున్నాయి. కాలు మెల్లగా కిందికి దించారు.

"అమ్మాయ్, ఆ కర్ర ఎక్కడుందో... ఒకసారి ముంచి చూడు తల్లీ."

అమ్మాయి ముంచి తీసింది. కర్ర కొస కూడా సరిగ్గా తడవలేదు.

"ఇది ఏ అభ్యాసమండీ?" అని అధికారిణి ఎంతో వినయంగా అడిగారు.

ప్రెసిడెంటు గారు చుట్టూ చూశారు. ఈసారి పేరు అందించడానికి మాస్టారు నోరు విప్పలేదు.

"అభ్యాసం కాదండి" అన్నారాయన, మైకు లేని గొంతుతో. "ప్రమాదం."