బొగ్గుల గదిలో మారువేషం

వార్షిక పరీక్షలు అయిపోయిన మర్నాడు పొద్దున తితిర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. డాబా మీద ఆరేసిన రజాయిల మధ్య ఎండలో కూర్చుని, రెండు కమలాపండ్లు వలుచుకుంటూ, కొత్త సాహస నవలలో మిగిలిన మూడు అధ్యాయాలు పూర్తిచేయాలి. నవలలోని నలుగురు పిల్లలు దొంగల పడవ దాకా వచ్చేశారు. దొంగలు దొరుకుతారని తితిర్‌కు తెలుసు. పన్నెండేళ్ళ వయసులో ఆమెకు కావలసింది దొంగలు కాదు, పెద్దవాళ్ళు నమ్మని మాట ఒకటి అందరిముందూ నిజమని తేలే క్షణం. ఆ ఒక్క క్షణాన్ని మళ్ళీ మళ్ళీ చూడడానికి ఇప్పటికి నలభై ఒక్క పుస్తకాలు చదివింది. అన్నీ మంచం కింద రేకు ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

ఆ పెట్టెకు గండం ఉంది. పోయిన నెల తితిర్ బృందం ఎదురింటి హోమియోపతి డాక్టరు పారేసిన సీసాలను పోగుచేసి, ఆయన విషం తయారుచేస్తున్నాడని పేట క్లబ్బు నోటీసు బోర్డుకు ఒక కాగితం అంటించింది. ఆ వారమంతా ఆయన దగ్గరికి రోగులెవరూ రాలేదు. మామూలుగానే రారు. కాని ఆ సంగతి ఇప్పుడు సందులో అందరి నోటా పడింది. అదీ ఆయన బాధ.

"ఇంకొక్క కేసు," అంది తల్లి సులేఖ ఆ రోజు. "ఇంకొక్కటి చేశావంటే ఈ పెట్టె పెట్టెగా పాత కాగితాలవాడికి తూకానికి వేసేస్తా." చెప్పింది చెప్పినట్టు చేయడం ఆమెకు అలవాటు. ఉత్తర కలకత్తాలోని ఆ పాత ఇంట్లో ఆ అలవాటు ఉన్నది ఆమె ఒక్కతెకే.

మొదటి కమలాపండు సగం అయ్యేసరికి నంటు మెట్లెక్కి వచ్చాడు. వాడికి పదకొండేళ్ళు. చేతికి తండ్రి పాత గడియారం ఉంది కనక లోకంలో ఏం జరిగినా నిమిషాలతో సహా చెబుతాడు. వెనకే తొమ్మిదేళ్ళ టుసి. కావాలనుకున్నప్పుడు ఏడవగలగడం ఆమె విద్య.

"ఎనిమిదీ పన్నెండుకి టీ కొట్టు దగ్గరికి ఒకాయనొచ్చాడు," అన్నాడు నంటు. "మంకీ క్యాపు, నల్ల కళ్ళద్దాలు, చేతిలో సంచి. మీ బాబాయి, అనిమేష్ కాకు గురించి అడిగాడు. ఎన్నింటికి పోతాడు, ఎన్నింటికొస్తాడు, ఇంట్లో ఎంతమంది ఉంటారు, అన్నీ."

"ఎవరని చెప్పుకున్నాడు?"

"టీ కొట్టులో కరెంటాఫీసు మనిషినన్నాడు. ఇస్త్రీ బండి దగ్గర ఇల్లు అద్దెకి కావాలన్నాడు. మిఠాయి కొట్టులో కాకుకి చిన్నప్పటి స్నేహితుణ్ణన్నాడు. అప్పటికి ఎనిమిదీ ఇరవై ఏడు."

తితిర్ పుస్తకం మూసింది. తల్లి మాట గుర్తుకొచ్చింది. కాని ఒకే మనిషి పావుగంటలో ముగ్గురు మనుషులు కావడం పుస్తకాల్లో తప్ప బయట ఎప్పుడూ దొరకలేదు.

"పెద్దవాళ్ళకి చెబుదామా?" అంది టుసి.

"చెబితే నమ్ముతారా? పట్టుకున్నాక చెబుదాం."

ఆ ఉదయం ఆ సందులో తితిర్‌కు తెలియనిది, పెద్దవాళ్ళందరికీ తెలిసినది ఒకటుంది. ముప్ఫై మూడేళ్ళ అనిమేష్‌కు సంబంధం కుదరబోతోంది. మాట ఇచ్చే ముందు పెళ్ళికూతురి తరఫు పెద్ద ఒకరు ముక్కూ మొహం తెలియకుండా వచ్చి, పెళ్ళికొడుకు ఉండే పేటలో టీ కొట్టు దగ్గరా మిఠాయి కొట్టు దగ్గరా ఆరా తీసి వెళ్ళడం అక్కడి ఆచారం. వచ్చేది పిల్ల మేనమామ అని, ఈ వారమే వస్తాడని తితిర్ నాయనమ్మ ఠాకుమాకు మూడు రోజుల క్రితమే కబురు అందింది. ఠాకుమా స్వయంగా సందంతా తిరిగి, కొట్లవాళ్ళకూ డాక్టరుకూ ఏం చెప్పాలో నేర్పింది. ఆయన్ను ఎవరూ ఏ పరిస్థితిలోనూ గుర్తుపట్టకూడదని ఒట్టు వేయించుకుంది. పిల్లలకూ క్లబ్బు కుర్రాళ్ళకూ మాత్రం చెప్పలేదు. వాళ్ళ నోట్లో మాట నిలవదని ఆమె నమ్మకం.

కొట్లవాళ్ళు పాఠం బాగా అప్పజెప్పారు. "అనిమేష్‌బాబా? ఆయన చొక్కాలకి మురికే పట్టదండీ, అలవాటు కొద్దీ ఇస్త్రీకి ఇస్తాడు," అన్నాడు ఇస్త్రీ మనిషి. "రోజూ వస్తాడు, సందేశ్ చూస్తాడు, తినకుండా పోతాడు. అంత నిగ్రహం," అన్నాడు మిఠాయి కొట్టాయన. మంకీ క్యాపు మనిషి ప్రతి మాటకూ తల ఊపుతూ, అంతకంతకూ దిగులుగా కనిపించసాగాడు.

తొమ్మిదికి రెండు నిమిషాలుండగా టుసి ఆయన దారిలో గోడకానుకుని ఏడుస్తోంది.

"ఏమైంది తల్లీ?"

"మా పిల్లి... ఆ బొగ్గుల గదిలోకి పోయింది. నాకు చీకటంటే భయం."

ఆ బొగ్గుల గది అనిమేష్ ఇంటి మెట్ల కింద ఉంది. పిల్లి మీద జాలీ, ఇల్లు లోపలినుంచి చూడాలన్న కుతూహలమూ కలిసి ఆయన్ను వంగి లోపలికి నడిపించాయి. నంటు గొళ్ళెం వేశాడు. "తొమ్మిదీ రెండు," అన్నాడు.

పథకం ప్రకారం తర్వాత ఠాకుమాను పిలవాలి. కాని ఠాకుమా పూజలో ఉంది. పూజలో ఉన్న ఠాకుమాను ఇల్లు తగలబడినా పిలవకూడదు. సులేఖ బజారుకు వెళ్ళింది. తితిర్ వాకిట్లో నిలబడి "మా ఇంట్లో దొంగని పట్టుకున్నాం" అని మామూలు గొంతుతోనే చెప్పింది. క్లబ్బు కార్యదర్శి ఖోకన్ అప్పుడే పళ్ళు తోముకుంటూ అటు వచ్చాడు. ఐదు నిమిషాల్లో క్లబ్బు కుర్రాళ్ళు తొమ్మండుగురు బ్యాట్లతో, వికెట్లతో మెట్ల దగ్గర చేరారు.

"ఎవడ్రా లోపల? పేరు చెప్పు," అన్నాడు ఖోకన్, నోట్లో నురగతో.

లోపలి మనిషికి అప్పటికే మూడు పరిచయాలున్నాయి. ఏది చెప్పాలో తేల్చుకోవడానికి కొంత సేపు పట్టింది. "నేను కరెంటాఫీసు నుంచి..."

"ఇల్లు అద్దెకన్నాడటగా?" ఖోకన్ ఇస్త్రీ మనిషి వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వు చూశావు కదా. ఎవరీయన?"

ఇస్త్రీ మనిషికి ఎవరో తెలుసు. ఒట్టూ గుర్తుంది. "ఈయన్ని నేనెప్పుడూ చూళ్ళేదు," అన్నాడు మూసి ఉన్న తలుపు కేసి చూస్తూ. టీ కొట్టాయనా అదే అన్నాడు. మిఠాయి కొట్టాయన అడగకముందే అన్నాడు. ముగ్గురు పెద్దమనుషులు ఇంత గట్టిగా ఎరగమన్నాక ఇక అనుమానం ఏముంది? గుంపులో ఎవరో పిల్లల్ని ఎత్తుకుపోయేవాడన్నారు. ఇంకెవరో పక్క పేటలో ఇలాంటివాడే రెండు సైకిళ్ళు ఎత్తుకుపోయాడన్నారు. ఖోకన్ మెట్టెక్కి, పేట రక్షణలో యువకుల పాత్ర గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు.

అప్పుడు లోపల ఏదో పగిలిన చప్పుడైంది. కాసేపటికి తలుపు కిందనుంచి చిక్కగా, నల్లెరుపుగా ఏదో పాకుతూ బయటికి వచ్చింది.

"రక్తం," అన్నాడు నంటు. సమయం చెప్పడం మరచిపోయాడు.

గుంపు రెండడుగులు వెనక్కి తగ్గింది. హోమియోపతి డాక్టరు ముందుకు వచ్చి, వంగి, వేలితో అద్దుకుని, వాసన చూసి, నాలుక మీద పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ సందు ఆయన రోగనిర్ధారణ కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూడడం అదే మొదటిసారి. ఆయన తొందరపడలేదు. రెండోసారి కూడా నాకాడు.

"ఈ శీతాకాలపు ఈతబెల్లం పాకం," అన్నాడు. "మొదటి రకం."

పూజ ముగించుకుని ఠాకుమా, కూరల సంచితో సులేఖ, సగం గడ్డం నురగతో అనిమేష్ ఒకేసారి అక్కడికి చేరారు. గొళ్ళెం తీశారు. నెత్తిన బొగ్గు పొడి, మోకాళ్ళ దాకా బెల్లం పాకం, చేతిలో కుండ పెంకుతో ఒక పెద్దమనిషి బయటికి వచ్చి, ఇక వేరే దారి లేక నిజం చెప్పాడు. "బిపద్‌భంజన్ చక్లాదార్. పెళ్ళికూతురి మేనమామని."

ఠాకుమా గోడ పట్టుకుంది. అనిమేష్ మిగతా సగం గడ్డం గీసుకోవడానికన్నట్టు లోపలికి తిరిగాడు గాని, దారిలో జనం ఉన్నారు. సందు చివర పాత కాగితాలవాడి కేక వినబడింది. సులేఖ పైకి వెళ్ళి, ట్రంకు పెట్టె ఈడ్చుకుని వచ్చి, వాణ్ణి పిలిచి, కాటా మీద పెట్టించింది.

"క్షమాపణ చెప్పు," అంది కూతురితో. "ఆయన కాళ్ళు ముట్టుకుని చెప్పు. చెబితే పెట్టె ఉంటుంది. లేదంటే ఇప్పుడే పోతుంది."

తితిర్ పెట్టె కేసి చూసింది. మూత సందులోంచి ఒక పుస్తకం అట్ట అంచు కనిపిస్తోంది. ఏ పుస్తకమో ఆమెకు అంచు చూసినా తెలుసు.

"చెప్పను."

"తితిర్!"

"నేనేం అబద్ధం చెప్పాను, అమ్మా? ఆయన మూడు చోట్ల మూడు రకాలుగా చెప్పుకున్నారు. ఎనిమిదీ పన్నెండు, ఎనిమిదీ ఇరవై, ఎనిమిదీ ఇరవై ఏడు. రాసుకున్నాం. మారువేషంలో తిరిగి, మనింటి సంగతులు అడిగే మనిషిని పట్టుకోక ఏం చేస్తారు? టుసి పిల్లి అబద్ధం ఒకటుంది. దానికి చెబుతాను. మిగతాదానికి చెప్పను. పుస్తకాలు తీసుకుపొమ్మను."

ఠాకుమా కోపం భయంలోంచి వచ్చింది కాబట్టి జాగ్రత్త లేకుండా వచ్చింది. "నీకొక్కదానికే వచ్చింది తెలివి! ఆయనొస్తాడని ఈ సందంతా ఎరుగుదుము. ఆయన ఏం అడిగితే ఏం చెప్పాలో పేరు పేరునా నేర్పించాను. ఒక్కరైనా గుర్తుపట్టినట్టు కనబడ్డారా? మీ ముగ్గురికే..."

తానేమన్నదో తెలిసి ఆగింది. అప్పటికే ఆలస్యమైంది. టీ కొట్టాయన ఆకాశం చూశాడు. ఇస్త్రీ మనిషి తన చొక్కా మడతలు చూసుకున్నాడు.

బిపద్‌భంజన్ బాబు నల్ల కళ్ళద్దాలు తీశాడు. బొగ్గుల గదిలో పడ్డప్పుడు కూడా ఆ మొహంలో ఇంత బాధ లేదు. "అందరికీ తెలుసా?" అన్నాడు నెమ్మదిగా. "ఈ మంకీ క్యాపూ, ఈ అద్దాలూ... పొద్దున్నుంచీ?"

డాక్టరు వేలికి మిగిలిన బెల్లం తుడుచుకున్నాడు.

"మా చెల్లెలికి నేను పోనన్నాను," అన్నాడాయన. "మళ్ళీ నేనే సరదాపడి ఒప్పుకున్నాను. ముప్ఫై ఏళ్ళు బళ్ళో భూగోళం చెప్పాను. ఒక్కరోజైనా ఎవరూ ఎరగని మనిషిగా తిరగాలని ఉండేది." పిల్లల వైపు తిరిగాడు. "అయితే నా వేషాన్ని నమ్మింది మీరు ముగ్గురేనన్నమాట."

"చాలా బాగుంది, జెఠూ," అంది టుసి పెదనాన్న వరస కలిపి, నిజంగానే. "ముఖ్యంగా నడక."

ఆయన కొంచెం నిటారుగా నిలబడ్డాడు. తితిర్ చేతిలోని నోటుపుస్తకం కోసం చేయి చాపాడు. ఆమె ఇవ్వలేదు. "ఆధారం. ఇక్కడే చదవాలి," అంది. ఆయన ఒప్పుకుని అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. అందులో ఆ రోజు సంగతులకు ముందు, మనిషిని వెంబడించడం నేర్చుకోవడానికని రెండు వారాలు అనిమేష్ వెనక తిరిగి రాసుకున్న పేజీలున్నాయి. ఆయన పైకే చదివాడు.

"'గురువారం. కాకు ఆఫీసులో పని ఎక్కువ అన్నాడు. పని లేదు. గంగ ఒడ్డున ఒక్కడే కూర్చుని వేరుశనగలు తిన్నాడు. నలభై నిమిషాలు. ఎవరితోనూ మాట్లాడలేదు. ఏడుస్తున్నాడనుకున్నాం. లేదు, ఊరికే ఉన్నాడు.' 'శనివారం. మిఠాయి కొట్టులో ఆరు సందేశ్‌లు తిన్నాడు.' 'సోమవారం. కాలు విరిగిన కుక్కని శాలువాలో దాచి ట్రాము ఎక్కించాడు. కండక్టరు దించేశాడు. నడిచి తీసుకుపోయాడు. ఇంట్లో శాలువా పోయిందని చెప్పాడు.' 'మంగళవారం. ఠాకుమా అంటే కాకుకి భయం.'"

అనిమేష్ మొహం మీది నురగ ఎండిపోయింది. దాన్ని తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ఈ సందులో పొద్దున్నుంచి నాకు ఒక దేవుడి గురించి చెప్పారు," అన్నాడు బిపద్‌భంజన్ బాబు. "అలాంటివాడికి మా పిల్లనివ్వకూడదని అప్పుడే అనుకున్నాను. నచ్చితే మీకిద్దామని సంచిలో తెచ్చిన ఈ బెల్లం పోతూ పోతూ ఎక్కడ తినాలా అని చూస్తున్నా." పుస్తకం మూయలేదు. "ఈ నాలుగు రోజులూ నాకు రాసిపెడతావా? మా అమ్మాయికి చూపిస్తాను. ఇష్టపడటమూ మానటమూ ఇక ఆమె చూసుకుంటుంది."

"రాసిస్తాను," అంది తితిర్. "కాకు ఒప్పుకుంటే."

తనను ఎవరైనా ఏదైనా అడుగుతారని అనిమేష్ అనుకోలేదు. "శాలువా సంగతి ఉంచు," అన్నాడు చివరికి. "సందేశ్‌లు నాలుగే."

"ఆరు. నంటు లెక్కపెట్టాడు."

పాత కాగితాలవాడు కాటా దగ్గర ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకు మారాడు. "అమ్మగారూ, తూచమంటారా?"

సులేఖ కూతురి వైపు చూసింది. ఠాకుమా సందంతా తిరిగి అబద్ధాలు పంచివచ్చిన మూడు రోజులూ తాను పక్కనే ఉంది, ఒక్క మాట అనలేదు. కూతురు ఆ మాట అనలేదు. అనకుండా చూస్తోంది. అదే కష్టంగా ఉంది. సులేఖ వంగి పెట్టెను తానే కాటా మీదనుంచి దించింది.

"రెండో పక్క పట్టుకో," అంది కూతురితో. "బరువుంది."

ఆ తరవాత వారమంతా ఆ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. భోజనాల దగ్గర మాటలు బాగా తగ్గిపోయాయి.