సర్వర్‌కు మర్యాద తెలియదు

గోదావరిఖనిలో సైకిలున్న మనిషికి గౌరవం ఒక సోమవారం ఉదయం పదిన్నరకు అధికారికంగా ప్రారంభమైంది. అద్దాల తలుపులతో, చల్లటి ఏసీతో, ‘మీ చిరునవ్వే మా ఇంధనం’ అనే బోర్డుతో సైకిల్ కేర్ సెంటర్ తెరుచుకుంది. నాయకుడొకాయన కారు దిగి రిబ్బను కత్తిరించి, “సైకిలుకు రెండు చక్రాలు. ముందుది అభివృద్ధి, వెనకది సంక్షేమం. బ్రేకులు మాత్రం ప్రతిపక్షాలు” అని ప్రసంగించి, మళ్లీ కారెక్కి వెళ్లిపోయాడు.

అంతవరకు ఆ వీధికి దిక్కు, ఎదురుగా రేకుల షెడ్డులో సైకిళ్లు బాగుచేసే సర్వర్ భాయ్ ఒక్కడే. పంక్చరు వెయ్యడానికి అతనికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. తిట్టడానికీ ఎనిమిది నిమిషాలే. రెండూ ఒకేసారి చేస్తాడు కాబట్టి కాలం వృథా కాదు.

ఆగయ్య ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు కూలీ. బెల్టు కింద రాలిన బొగ్గు ఊడుస్తాడు. ఏడు కిలోమీటర్లు తొక్కి ఉదయం ఏడింటికల్లా గేటు దగ్గరుండాలి. నిమిషం దాటినా మస్టరు పడదు, ఆ రోజుకు పని లేదు. పన్నెండేళ్లుగా అతను ఒక్క మస్టరూ పోగొట్టుకోలేదంటే అది సర్వర్ చలవే. కానీ ఆ సర్వరే పోయిన వారం, ఆగయ్య బావ ముత్యం పక్కనుండగా, “చైనుకు నూనె ఏసి ఎన్నొద్దులాయె? నీ నెత్తికైతె రోజు పెట్టుకుంటవు గద” అన్నాడు. ముత్యం నవ్వాడు. ఆగయ్య ఆ నవ్వును మరిచిపోలేకపోయాడు.

అందుకే గురువారం సాయంత్రం టైరు దిగిపోగానే సర్వర్ చూస్తుండగానే రోడ్డు దాటి అద్దాల తలుపు ముందు నిలబడ్డాడు. తలుపు లోపలినుంచి తెరుచుకుంది.

“వెల్‌కమ్ సార్,” అంది సంతోషి అనే అమ్మాయి, మెడలో టై సర్దుకుంటూ.

ఆగయ్య వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. యాభై రెండేళ్లలో అతన్ని ‘ఏయ్’ అన్నవాళ్లున్నారు, ‘ఓయ్’ అన్నవాళ్లున్నారు. సార్ అన్న మనిషిని చూడటం అదే మొదటిసారి.

టోకెన్ ఇచ్చారు. తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి చల్లటి నీళ్లిచ్చారు. సైకిలుతో అతని అనుబంధం గురించి నాలుగు పేజీల ఫారం నింపించారు. చివరికి సైకిలును పరీక్షించి, ‘గాలి నిలుపుదలలో లోపం’ అని రంగుల కాగితం మీద అచ్చువేసి ఇచ్చారు.

“పంక్చర్ ఎప్పుడేస్తరు బిడ్డా?”

“టెక్నీషియన్‌ను అపాయింట్ చేస్తున్నరు సార్. అప్పటిదాంక మీ సైకిల్ మా ఫ్యామిలీ మెంబర్.”

మాట తప్పలేదు. శుక్రవారం ఆగయ్య నడిచి వెళ్లేసరికి గేటు దాటనివ్వలేదు. ఫోనుకు ‘మీ సైకిల్ క్షేమం’ అని సందేశం వచ్చింది. శనివారం మస్టరు పోయింది. ‘మీ సైకిల్ మిమ్మల్ని తలుచుకుంటోంది’ అని వచ్చింది. రెండింటినీ ఆగయ్య ముత్యానికి చూపించాడు. ముత్యం ఈసారి నవ్వలేదు. అసూయపడ్డాడు.

సోమవారం తెల్లవారగానే అతను సర్వర్ షెడ్డు ముందునుంచి తల దించుకుని నడుస్తున్నాడు.

“సైకిలేది?” అన్నాడు సర్వర్.

“సర్వీసింగుల ఉంది భాయ్.”

“పంక్చరుకు సర్వీసింగా? అక్కల్ ఉందా నీకు? నా సైకిల్ తీస్కపో. జల్ది పో, గేటు మూస్తరు. నీ దాని లెక్క దీన్ని గూడ కరాబ్ చెయ్యకు.”

ఆ రోజు మస్టరు పడింది. డ్యూటీ దిగి వస్తుంటే సెంటర్ నుంచి ఫోను. పట్టణంలో మర్యాదలేని దుకాణాల మీద పై అధికారులకు విన్నపం పెడుతున్నారట. మొదటి సంతకం ఆగయ్య సార్‌దే కావాలట. ఆగయ్య సర్వర్ సైకిలు మీదే వెళ్లి, దాన్ని అద్దాల తలుపు బయట స్టాండు వేసి, లోపల సంతకం చేశాడు. వెనక ముత్యంతో కలిపి మరో నలభై మంది చేశారు. అంతా సర్వర్ దగ్గర తిట్లు తిన్నవాళ్లే. అందరి బండ్లూ బాగానే నడుస్తున్నాయి.

వారం తిరక్కుండానే అధికారులు చట్టప్రకారం షెడ్డు పీకేశారు. కాస్త దిగులనిపించి, ఆగయ్య ముత్యాన్ని వెంటబెట్టుకుని సైకిలు తిరిగివ్వడానికి వెళ్లాడు. సర్వర్ రేకులు, పానాలు ఆటోలో ఎక్కిస్తున్నాడు. బెల్లంపల్లిలో చెల్లెలు కరీమున్నీసా ఇంటికి పోతున్నాడట.

“లిస్టు చూసిన,” అన్నాడు సర్వర్. “ఇంటిపేరు తప్పు రాసినవ్. సంతకం గూడ సక్కగ రాదాయె.”

సర్వర్ వంగి వెనక టైరు నొక్కి చూశాడు. ఆటోలోంచి పంపు దించి, గాలి నింపి, హ్యాండిలు అతని చేతికే తోశాడు.

“ఉంచుకో. నడుచుకుంట ఏడికని పోతవ్. ఇగనన్న చైనుకు నూనె ఏసి చావు.”

ఆటో వెళ్లిపోయింది. ఆగయ్య కొంతసేపు దాన్నే చూసి, ముత్యం వైపు తిరిగాడు.

“చూసినవా బావా, పొయ్యేటప్పుడు గూడ మర్యాదగ మాట్లాడలె.”

నిజమేనన్నాడు ముత్యం.