హోదా చూసి పడే వెలుగు

పెదగరువు పట్టణంలో ఫ్లాష్ వెలుగు మనుషుల హోదా చూసి పడుతుంది. ఎప్పటినుంచి అంటే ఎవరూ చెప్పలేరు, అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. కళాభవనంలో దీపాలు అంతంతమాత్రం కాబట్టి ఫొటో తీయాలంటే ఫ్లాష్ తప్పదు. బటన్ నొక్కగానే వెలుగు బయల్దేరి, వేదిక మీద ఓ పక్క సోఫాలో కూర్చున్న ముఖ్య అతిథి దగ్గరకు వెళుతుంది. ఆయన మొహాన్ని తృప్తిగా ముంచెత్తాక విశిష్ట అతిథికి, ఆపైన ఆత్మీయ అతిథికి అందుతుంది. ఏమైనా మిగిలితే నాట్యం చేసే పిల్లల వైపు వస్తుంది. సాధారణంగా మిగలదు.

అందుకే ఆ ఊళ్లో ఏ రెండు ఫొటోలూ ఒక్కలా ఉండవు. ముఖ్య అతిథి సోఫాలో ఉన్నంతసేపూ పిల్లలు నీడల్లా వస్తారు. ఆయన టీ కోసం లేచాడా, ఆ తర్వాతి ఫొటోలో అందరూ సున్నం కొట్టినట్టు వస్తారు. ఫొటోగ్రాఫరు సువార్తకు ఇది పెద్ద తలనొప్పి. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క స్టూడియో ఆమెదే, తిట్లన్నీ ఆమెకే.

ఫొటోలో మొహం కనపడని కళాకారిణి నాట్యం చేయనట్టేనని నృత్య బృందం నియమం. భ్రమరాంబ ఆఖరి వరసలో ఏళ్ల తరబడి ఆడుతోంది, కానీ బృందం ఆఫీసు దృష్టిలో ఆమె ఇంకా గజ్జె కట్టలేదు. ఈ వార్షికోత్సవం ఫొటోలోనూ లేకపోతే బృందం నుంచి తీసేస్తామని కబురొచ్చింది.

"పాదాలు పగిలిపోయేలా ఆడేనక్కా. అయినా నువ్వు ఆడలేదంటన్నారు" అని స్టూడియోకొచ్చి ఏడ్చింది.

"నీ మొహం చీకట్లో ఉంటే ఆళ్లు మాత్రం ఏం చేత్తారే?" అంది సువార్త, న్యాయంగానే. కానీ ఆ పిల్ల కళ్లు తుడిచి, ఫ్లాష్ చేతిలోకి తీసుకుంది.

సువార్త చేయని ప్రయత్నం లేదు. వార్షికోత్సవం లోపు జరిగిన ఓ సభలో ఫ్లాష్ బలం పెంచి చూసింది. పెరిగిందంతా ముఖ్య అతిథి, పురపాలక అధ్యక్షుడు పేరిరాజు గారికే పోయింది. ఫొటోలో ఆయన కనుబొమలు కూడా మాయమయ్యాయి. ఆయన మురిసిపోయి దాన్ని పెద్దది చేయించి ఆఫీసులో పెట్టుకున్నారు. తర్వాత ఫ్లాష్‌ను పైకప్పు వైపు తిప్పింది. పైకప్పు మీద, ప్రతి సభలోనూ మైకులో స్మరించే దాత పేరు రాసి ఉంది. వెలుగు అక్కడే ఆగిపోయి, మళ్లీ కిందికి దిగలేదు.

చివరికి ఆమె ఒక సంగతి పట్టేసింది. ఎవరు గొప్పో వెలుగుకు సొంతంగా తెలియదు, మైకు విని తెలుసుకుంటుంది. వ్యాఖ్యాత లక్కవరపు మాస్టారు ఎవరిని ఎలా పిలిస్తే వాళ్లకు అంత. సువార్త నేరుగా మాస్టారి ఇంటికెళ్లింది.

"మాస్టారూ, ఈసారి పిల్లలందర్నీ ముఖ్య అతిథులని పిలవాలండి."

"అందర్నీనా? మరి పేరిరాజు గారో?"

"ఆయన్నీ అలాగే పిలవండి."

ముఖ్య అతిథి ఒక్కరే ఉండాలని ఎక్కడా లేదని మాస్టారికి గుర్తొచ్చింది. "నాదేం పోయిందమ్మా, నోరేగా" అని ఒప్పుకున్నారు.

వార్షికోత్సవం నాడు మాస్టారు ఒక్కొక్క పేరూ గొంతెత్తి పిలిచారు. మాన్యశ్రీ ముఖ్య అతిథి కుమారి భ్రమరాంబ గారు అని హాలంతా మారుమోగింది. సువార్త బటన్ నొక్కింది. వెలుగు బయల్దేరి, హాలు మధ్యలో కాసేపు తటపటాయించి, వేరే దారి లేక అందరి మీదా సమానంగా పడింది. మళ్లీ నొక్కింది, మళ్లీ అంతే. పిల్లలు గిర్రున తిరిగినా, గాల్లోకి ఎగిరినా, ముందుకొచ్చినా, వెనక్కెళ్లినా ఫొటో ఫొటోకూ వెలుగు ఇసుమంత తేడా లేకుండా వచ్చింది. కెమెరా తెరమీద భ్రమరాంబ ముక్కుపుడక, పై పెదవి మీద చెమటతో సహా కనిపించింది.

"నేనే! నేనాడేనక్కా!" అని ఆ పిల్ల కేక పెట్టింది. సువార్త ఆనందం పట్టలేక ఆమెను వాటేసుకుంది. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

పేరిరాజు గారు మాత్రం తన ఫొటో చూసి, "నా మొహం ఇంతేనా?" అన్నారు. కానీ ఆయన కనుబొమలు తిరిగొచ్చినందుకు ఇంట్లోవాళ్లు సంతోషించారట.

భ్రమరాంబ పేరు బృందంలో పదిలంగా నిలిచింది. ఒకసారి ముఖ్య అతిథి అయినవాళ్లను మళ్లీ మామూలు మనుషులుగా పిలవడం మర్యాద కాదు కనుక, మరుసటి ఏడు అందరికీ సోఫాలు వేశారు. వేదిక నిండిపోయింది. పట్టుచీరలు వచ్చాయి, శాలువాలు వచ్చాయి, పూలగుత్తులు వచ్చాయి. నాట్యం చేయడానికి చోటు లేదు, ముఖ్య అతిథులు నాట్యం చేసే ఆనవాయితీ కూడా లేదు. సభ దిగ్విజయంగా సాగింది. వెలుగు అందరి మీదా సమంగా పడింది. ఎవరూ కదలడం లేదు కాబట్టి ఒక్క ఫొటో కూడా చెడలేదు.

భ్రమరాంబ సరిగ్గా మధ్యలో, పేరిరాజు గారి పక్కన కూర్చుంది. అందరికంటే ఆమె మొహమే కళగా ఉంది. చీర కుచ్చిళ్ల కింద మాత్రం ఆమె పాదాలు తాళం వేస్తున్నాయి.

సువార్త కెమెరా దించి, చేతులు కట్టుకుని, "మేడమ్ గారూ, కాళ్లు కదపకండి. ఫొటో పాడైపోద్దండి" అంది.

భ్రమరాంబ ఆపేసింది. ఫొటో అద్భుతంగా వచ్చింది.