ఏడేళ్ళ సర్వీసున్న మంచు

మా మామగారితో వేగడం మీవల్ల కాదు. సముద్రం మీద మంచుగడ్డ కనిపిస్తే చాలు, ఓ ముక్క విరిచి నాకుతారు. చప్పగా ఉంటే టీ కాచమని నాకిస్తారు, ఉప్పగా ఉంటే ఊసేస్తారు. నాలుగైదు వేసవులు కరగకుండా నిలిచిన మంచులోంచి ఉప్పు దిగిపోతుందట, అదే గట్టి మంచట. చదువుకున్న కోడలినని కూడా చూడకుండా నాచేతా నాకించారు.

ఇలాంటి మనిషి ఉన్న ఊళ్ళోనే హిమసంపద శాఖామాత్యులు ఎటువాంగత్ గారి ప్రకటన రేడియోలో మోగింది. పాత మంచు తగ్గిపోతోందన్నది గిట్టనివాళ్ళ ప్రచారమట. మా అఖాతంలోని మంచుకి అక్షరాలా ఏడేళ్ళట. రుజువుగా జూన్ మొదటి శనివారం విదేశీ అతిథులకు ఆ మంచుతోనే టీ ఇస్తారు. తర్వాత మంచు మీద నడిచే పన్నెండు మోటారుబండ్ల ఊరేగింపు అఖాతం దాటుతుంది. మొదటి బండి నడిపే భాగ్యం సర్కారు డ్రైవరైన మా ఆయన జోయెలీకి దక్కింది. వద్దంటే ఉద్యోగం, సరేనంటే మనిషి. ఏదో ఒకటి మునగడం ఖాయం.

మంత్రిగారు ముందురోజే వచ్చి మంచులో 'ఏడేళ్ళ మంచు' అని బోర్డు పాతించారు. మామగారు అక్కడే ఓ ముక్క నాకి, ఊశారు.

"ఇది పోయిన నవంబరులో పుట్టిన గడ్డ. ఈ ఎండల్లో దీనిమీదికి నా కుక్కని కూడా పంపను."

"కాగితాల్లో ఏడేళ్ళని ఉంది తాతా," అన్నాడు మంత్రిగారి వెంట వచ్చిన కార్యదర్శి.

"పోయిన ఆగస్టులో నేనిక్కడే పడవ నడిపానురా!"

"అప్పుడు మంచు సెలవులో ఉంది. సెలవు కూడా సర్వీసులో కలుస్తుంది."

మంత్రిగారు అతని భుజం తట్టారు. ఇంత చురుకైన యంత్రాంగం ఉండగా మంచుకేం లోటు?

టీ పని నాకప్పగించారు. శనివారం పొద్దున్నే కార్యదర్శి గుసగుసగా, "అక్కా, ట్యాంకరు నీళ్ళు పోసెయ్. ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు.

"అయ్యో తమ్ముడూ, సర్కారు చేత అబద్ధమాడిస్తానా?" అని బోర్డు పక్కనే గడ్డపారతో లోపలికంటా కొట్టించి, ఆ మంచే కాచాను. ఆజ్ఞంటే ఆజ్ఞే.

అతిథుల్లో ఒకాయన మింగాడు. ఒకావిడ నోట్లోనే ఉంచుకుని, ఊయడానికి చోటు కోసం నాలుగు దిక్కులా చూసింది. మంత్రిగారు మాత్రం కప్పు ఖాళీ చేసి, కళ్ళనీళ్ళతో, "ఆహా! అనుభవం గల మంచు!" అన్నారు.

"ఇంకో కప్పు పొయ్యనా అండీ?"

"చాలమ్మా. ప్రజాసేవలో మితం ముఖ్యం."

జెండా లేచింది. జోయెలీ ఇంజను స్టార్ట్ చేసి నావైపు చూశాడు. నేను మంత్రిగారికి దణ్ణం పెట్టాను.

"మావారి వెనక సీటు తమదేనండీ. ఏడేళ్ళ మంచు మీద తమరు ముందుంటేనే అందం."

అతిథులు చప్పట్లు కొట్టారు. ఇక తప్పక మంత్రిగారు ఎక్కి కూర్చున్నారు. మామగారు దగ్గరికెళ్ళి ఎంతో మర్యాదగా, "ఇంట్లోవాళ్ళకి ఏమైనా చెప్పమంటారా బాబూ?" అని అడిగారు.

బండి పది గజాలు వెళ్ళిందో లేదో, కింద ఎక్కడో పొడుగ్గా ఏదో చిట్లింది. పక్కనున్న బోర్డు నిదానంగా ఒరిగింది. జోయెలీ ఇంజను ఆపేశాడు. మంత్రిగారు ఎవరి సాయమూ లేకుండా దిగి, ఆయన వయసుకి మించిన వేగంతో ఒడ్డు చేరి, మైకు అందుకున్నారు.

"పొరపాటు నాదే. ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు," అన్నారు. "ఈ ఊరేగింపు పోయిన ఏడాదే దిగ్విజయంగా ముగిసింది."