తాయెత్తు మారిన పూట

నడుముకు కట్టిన దారం ఎవరి పేరున కట్టారో వాళ్లనే కాపాడుతుందా, లేక ఎవరి నడుముకు ఉంటే వాళ్లను కాపాడుతుందా? ఈ అనుమానం లక్ష్మీదేవికి చాలా ఏళ్లుగా ఉంది. ఒకసారి గుళ్లో పూజారిని అడిగితే, అట్లాంటివి అడక్కుండా కట్టుకుంటేనే పని చేస్తాయన్నాడు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషికి ఎదురు ప్రశ్న తోచలేదు. దండం పెట్టుకుని వచ్చేసింది గానీ, అనుమానాన్ని మాత్రం గుళ్లో దిగబెట్టి రాలేకపోయింది.

ఆ పొద్దున అనుమానాలకు తీరిక లేదు. చిన్నకూతురు వసుంధర హిందూపురంలో సిస్టర్ల కాన్వెంటు హైస్కూల్లో చదువుతోంది. అక్కడ ఆడపిల్లలకు పాఠాలతో పాటు బొమ్మలు గీయడం, కుట్టు, అల్లిక, వంట, ఇంటిపని నేర్పిస్తారు. ఆ రోజు పరీక్ష పసిబిడ్డకు స్నానం చేయించడం. ఏడాదంతా ఒక ప్లాస్టిక్ బొమ్మకు నీళ్లు పోసి నేర్చుకున్నారు. పాపం, నేర్చుకునే చేతుల్లో పడి దాని చెయ్యి ఒకటి ఊడిపోయింది. పరీక్షకు మాత్రం నిజం బిడ్డ కావాలని సిస్టర్ అంది.

బిడ్డ ఇంట్లోనే ఉన్నాడు. పురుటికి వచ్చిన పెద్దకూతురు భారతి ఇంకా అత్తగారింటికి పోలేదు. ఆమె కొడుకు రాఘవేంద్రకు ఏడో నెల. చిక్కల్లా భారతి అత్త చౌడక్కతోనే. రొద్దంలో శెనక్కాయ సేద్యం చేసే ఆ ఇంట్లో ఆమె మాటే మాట. మూడో నెలలో వచ్చి, కదిరి నరసింహస్వామి వెండిబిళ్లను నల్లదారానికి గుచ్చి మనవడికి తానే కట్టింది. తాను వచ్చి తీసుకుపోయేదాకా బిడ్డ గడప దాటకూడదని చెప్పి మరీ పోయింది. ఆ రావడం ఈ రోజే, మధ్యాహ్నం బస్సుకు. మాట తప్పారని తెలిస్తే రొద్దంలో భారతి ఏళ్ల తరబడి ఆ దెప్పులు పడాలి. బిడ్డ పోకపోతే వసుంధర పరీక్ష పోతుంది.

పొద్దున్నే పోయి చౌడక్క కంటే ముందే ఇల్లు చేరాలని లక్ష్మీదేవి పథకం వేసుకుంది. పక్కింటి రోషన్‌బీ తోడు బయల్దేరింది. ఆమె కూతురు ఆరిఫాదీ అదే తరగతి. పరీక్షకని రోషన్‌బీ తన మనవడు ఇమ్రాన్‌ను ఎత్తుకొచ్చింది. తరగతి మొత్తానికి దొరికిన బిడ్డలు ఈ ఇద్దరే. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే గుండు, ఒకే బుగ్గలు.

స్కూల్లో అవ్వలను వాకిలి దగ్గరే ఆపేశారు. కిందటేడు ఒక అవ్వ చూస్తూ ఊరుకోలేక, తనే కాళ్లు చాపుకుని కూర్చుని బిడ్డకు నీళ్లు పోసేసిందట. మార్కులు ఎవరికి వేయాలో సిస్టరుకు తోచలేదట.

లోపల సిస్టర్, తడిదారం ఉంటే చర్మం ఒరుసుకుంటుందని ఇద్దరి మొలతాళ్లూ విప్పించి ఒక పళ్లెంలో పెట్టింది. స్నానం బాగానే జరిగింది. ఒళ్లు తుడిచేటప్పుడు ఇమ్రాన్ సిస్టర్ తెల్లటి బట్టల మీద ఒంటేలు పోశాడు. ఆ గాభరాలో ఆమె పళ్లెంలోంచి చేతికందిన దారాన్ని ఎదురుగా ఉన్న నడుముకు కట్టింది, మిగిలినదాన్ని మిగిలిన నడుముకు కట్టింది. వసుంధర చూసింది, ఆరిఫా కూడా చూసింది. పరీక్షలో నోరు తెరిస్తే మార్కులు పోతాయని ఇద్దరూ మెదలకుండా, కుట్టు క్లాసులో ఒకే తానులోంచి కుట్టిన పొడుగు గౌన్లు బిడ్డలకు తొడిగారు. గంట కొట్టగానే వాళ్లు లెక్కల క్లాసుకు పోయారు. అవ్వలు బిడ్డలను ఎత్తుకుని ఇంటిదారి పట్టారు.

ఇంటికొచ్చేసరికి చౌడక్క అరుగు మీద కూర్చుని ఉంది. తొందర పడి పొద్దుటి బస్సుకే వచ్చేసింది. భారతి పెరట్లో తలంటుకుంటోంది.

"యాడికి పోయింటివి వదినా, బిడ్డనెత్తుకోని?"

"ఈడికే వదినా. పొద్దుటెండ పిల్లోల్లకు మంచిదంటారు కదా."

చౌడక్క బిడ్డను అందుకుని గౌను పైకెత్తింది. నడుముకు చదరపు వెండి తాయెత్తు ఒకటి, దాని మీద ఉర్దూ రాత.

"ఇది మా పిల్లోడు కాదు" అంది.

"అదేం మాట వదినా, మన రాఘవేంద్రనే కదా."

"పసిబిడ్డ మొగం నెలకొక తీరుగా మారతాది. నేను కట్టిన దారం మారదు."

స్కూలుకు పోయామంటే అంత దూరం తిప్పిన సంగతి బయటపడుతుంది. అనకపోతే బిడ్డే మారిపోయేలా ఉన్నాడు. లక్ష్మీదేవి ఎటూ తేల్చుకోకముందే రోషన్‌బీ ఇమ్రాన్‌ను చంకనేసుకుని వచ్చింది.

"అక్కా, మా వాని నడుముకు నరసింహస్వామి వచ్చి కూసున్నాడు చూడు."

చౌడక్క చూసింది. బిళ్ల తనదే, దారం తనదే. చేతిలోని బిడ్డను రోషన్‌బీకి ఇచ్చేసి, ఇమ్రాన్‌ను లాక్కుని గుండెకు హత్తుకుంది. ఇమ్రాన్‌కు ఎవరెత్తుకున్నా ఒకటే. ఆమె ముక్కుపుడక పట్టుకుని నవ్వాడు.

"చూసినారా, రక్తం యాడికి పోతాది? అచ్చం నా కొడుకు గంగాధర ముక్కు."

"ఆ ముక్కు మా ఇంటాయనది అక్కా" అంది రోషన్‌బీ మెల్లగా.

ఇక దాచి లాభం లేక లక్ష్మీదేవి స్కూలు సంగతంతా చెప్పేసింది. దాంతో ఇంకా చెడింది. అయితే బిడ్డలు ఆ స్కూల్లోనే మారారని చౌడక్క తీర్మానించింది. ఇరుగుపొరుగు మూగారు. ముక్కు గంగాధరదే అని కొందరు, చెవులు మాత్రం కావని కొందరు. చెప్పగా చెప్పగా, లక్ష్మీదేవికే ఒక క్షణం రోషన్‌బీ చేతిలోని మనవడి ముఖం కొత్తగా కనిపించింది. చౌడక్క సంచి భుజానికి తగిలించుకుని, ఇమ్రాన్‌తో బస్టాండు వైపు నాలుగు అడుగులు వేసింది కూడా.

అప్పుడొచ్చింది భారతి, జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, సీకాయ మంటకు కళ్లు సరిగా తెరవలేక. ఎవరినీ ఏమీ అడగలేదు. రోషన్‌బీ చేతిలో గుక్కపట్టిన బిడ్డను తీసుకుని, ఆకలయిందేమో అంటూ గోడవైపు తిరిగి కూర్చుని పాలిచ్చింది. వాడు ఠక్కున ఏడుపు మానాడు. మూగిన వాళ్లందరికీ ఎవరి పనులు వాళ్లకు గుర్తొచ్చాయి. చౌడక్క వెనక్కి వచ్చి, ఇమ్రాన్‌ను వాళ్ల అవ్వకు అప్పగించి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఇక తిట్లేనని లక్ష్మీదేవి కాచుకుంది. చౌడక్క చూపు మాత్రం తాయెత్తు మీదే ఉంది.

"ఇది యాడిదమ్మా?" అని రోషన్‌బీని అడిగింది.

"పెనుకొండ దర్గా బాబయ్యది అక్కా."

లక్ష్మీదేవి గబగబా విప్పబోతే చౌడక్క చెయ్యి పట్టుకుంది. "ఆగు వదినా. తనంతట తానే బిడ్డ మీదికి వచ్చినాడు. ఆయప్పను అడక్కుండా ఎట్ల విప్పేది? రేపు పెనుకొండకు పోదాం పద."

లక్ష్మీదేవికి పాత మొక్కు గుర్తొచ్చింది. భారతికి చిన్నప్పుడు జ్వరం తగ్గకపోతే, బాబయ్యకు చక్కెర చదివించి పంచుతానని మొక్కుకుంది. జ్వరం తగ్గింది. చక్కెర మాత్రం ఒక ఏడు పెళ్లని, ఒక ఏడు మైలని, ఒక ఏడు వానలని వెనకబడుతూ వచ్చింది. ఇప్పుడు ఆ భారతికే కొడుకు పుట్టాడు. ఇంత ఊళ్లో బాబయ్య సరిగ్గా తన మనవడి నడుమునే వెతుక్కుంటూ వచ్చాడంటే ఎందుకో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ సంగతి బయటపెట్టింది.

"ఇన్నేండ్లు ఎట్ల ఊరకుంటివి వదినా?" అని చౌడక్క నోరు నొక్కుకుంది. తప్పు పట్టడానికి ఇంత పెద్దది దొరికాక గడప దాటిన సంగతి ఆమె మళ్లీ ఎత్తనే లేదు. బాబయ్యే పిలిపించుకుంటే బిడ్డను ఆపడానికి తామెంతటి వాళ్లమంది.

మర్నాడు అందరూ పెనుకొండ బస్సెక్కారు. దర్గా చూసుకునే ముజావరు చక్కెర మీద ఫాతెహా చదివి పంచిపెట్టాడు. దారాలు విప్పి ఎవరివి వాళ్లకు కట్టాడు. పనిలో పనిగా లక్ష్మీదేవి తన పాత అనుమానం ఆయన ముందు పెట్టింది. ముజావరు బిడ్డలిద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"నిన్నంతా ఇది వానికి, అది వీనికి ఉన్నింది. ఇద్దరూ బాగనే ఉండారు కదమ్మా" అన్నాడు.

లక్ష్మీదేవి దండం పెట్టుకుని, మిగిలిన చక్కెరను కాగితంలో పొట్లం కట్టుకుంది. మొక్కు తీరిన మనసు తేలిగ్గా ఉంది.

తిరుగు బస్సులో చౌడక్క చక్కెర చప్పరిస్తూ, స్కూల్లో ఆ బొమ్మకు నడుముకు ఏ దారమూ లేదా అని వసుంధరను అడిగింది. లేదంటే, మరి చెయ్యి ఊడక ఏం చేస్తుందంది.