ఊడదీయడానికి వీలైన బంధువులు

ఆ శనివారం పొద్దున అలివేలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్మా తిని, బెంగళూరుకు ఈ చివరనున్న యలహంక నుంచి ఆ చివరనున్న బొమ్మనహళ్ళి వెళ్ళి, కూతురు హేమలత పెళ్ళి ఆల్బమ్ సంగతి తేల్చుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాలి. అంత దూరం వెళ్ళి భోజనం వేళకు తిరిగి వస్తాననుకునే మనిషి తెలివితేటల మీద మనకు అక్కడే అనుమానం రావాలి.

ఆమె బాధ మాత్రం నిజమైనది. ముప్పై ఏళ్ళ నాటి ఆమె సొంత పెళ్ళి ఆల్బమ్ నిండా కన్నాలే. చుట్టాల్లో ఎవరితో మాటలు మానేసినా ఇంట్లో ఒకరు కత్తెర పట్టి వాళ్ళను కోసిపారేసేవారు. ఆ కోతల్లో పెళ్ళికూతురి ఎడమచెయ్యి పోయింది. తాళి కట్టే ఫొటోలో తాళే పోయింది. కూతురి ఆల్బమ్‌కు ఆ గతి పట్టకూడదు.

"మా ఆల్బమ్ నూరేండ్లు ఉంటుంది మేడమ్. నీళ్ళు పడినా ఏం కాదు," అన్నాడు బొమ్మనహళ్ళి స్టూడియోలో ఆల్బమ్ డిజైనర్ ఓంకార్.

"నీళ్ళకు కాదప్పా నా భయం, చుట్టాలకు. అలిగేవాళ్ళను వేరే పేజీల్లో పెట్టి స్క్రూలు బిగించు. మాటలు పోతే ఆ పేజీ ఊడదీస్తాం, మిగతా పెండ్లి చెక్కుచెదరదు." అంటూ ఆమె ఒక కాగితం చేతికిచ్చింది. "ఎర్ర టిక్కు పెట్టినవి స్క్రూ పేజీలు. వివరమంతా ఫొటో నంబరు పక్కనే రాసిండా."

ఓంకార్ తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవడం రాదు. ఆ మాట చెప్పుకోవడానికి నామోషీ. నంబర్ల పక్కనున్న గుండ్రటి చేతిరాత చూసి, తల్లి ప్రతి ఫొటోకూ ఆశీర్వాదం రాసిందనుకున్నాడు. మనసు కరిగి, ఆ రాతను ఉన్నదున్నట్టు స్కాన్ చేసి ఫొటోల కింద బంగారు రంగులో వేశాడు. నమూనా ఎవరికి పంపాలో అడుగుదామంటే ఆమె ఫోన్ కలవక, ఆమె భర్త గురుమూర్తికి చేశాడు.

"నన్నెందుకప్పా అడుగుతావు? పెండ్లి ఫొటోలు పంపిన వాట్సాప్ గ్రూపులోనే వేసెయ్, అందరూ చూసుకుంటారు," అన్నాడు పేపర్ చదువుతున్న గురుమూర్తి.

గ్రూపులో అరవై నాలుగు మంది. మగపెళ్ళివారూ అందులోనే ఉన్నారు. అందరూ చూసుకున్నారు.

ఆడపడుచు ఎల్లమ్మ కింద: "ఎప్పుడు అలుగుతుందో దేవుడికే తెలీదు. నాలుగు స్క్రూలు." అన్న పద్మనాభం కింద: "తోడబుట్టినవాడే, అయినా నమ్మలేం. రెండు చాలు." అల్లుడి కింద: "గట్టిగా అతికించు, ప్రస్తుతానికి." వియ్యపురాలి కింద: "కొత్త సంబంధం. ఒక ఏడాది చూద్దాం."

సాయంత్రం నాలుగింటికి, తిరుగు బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా, అలివేలు ఫోన్ తెరిచింది. వెంటనే హేమలత ఫోన్: "అమ్మా, ఏం పని చేస్తివే? మా అత్తమ్మ నమూనా చూసి చీర మార్చుకుని మీ ఇంటికే బయల్దేరింది!"

కూతురి కాపురం కళ్ళముందు స్క్రూ స్క్రూగా ఊడిపోతున్నట్టనిపించి అలివేలు ఏడ్చేసింది. పక్క సీటామె జరిగి కూర్చుంది.

ఇంటి గుమ్మం నిండా చెప్పులే. ఏదో గృహప్రవేశంలో ఒబ్బట్టు రెండోసారి వడ్డించలేదని పదకొండేళ్ళుగా ఒకరితో ఒకరికి మాటల్లేని ఎల్లమ్మ, పద్మనాభం ఒకే సోఫాలో కూర్చుని ఉన్నారు.

"నాకు నాలుగు స్క్రూలంట, చూడు పద్మనాభం!"

"నీకు నాలుగన్నా ఉండాయి వదినా. నాకు రెండే. సొంత చెల్లెలు!"

వియ్యపురాలు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. అలివేలు ఆమె చేతులు పట్టుకుంది. "తప్పయిపోయిందమ్మా. నన్నేమన్నా అనండి, బిడ్డనేమీ అనొద్దండి. దాని ఆల్బమ్‌లో కన్నం పడకూడదని చేసినా."

వియ్యపురాలు ఫక్కున నవ్వింది. "మా పెండ్లి ఆల్బమ్‌లో మా అత్త నన్నే కోసేసింది. మా ఆయన ఒక్కడే పీటల మీద కూర్చోని ఉండాడు. ఐడియా మంచిదే అలివేలమ్మా. కానీ ఆల్బమ్ పని ఇంక నేను చూసుకుంటా."

ఎల్లమ్మ, పద్మనాభం ఒకే గొంతుతో సరేనన్నారు.

నెల తిరగకుండా ఆల్బమ్ వచ్చింది. బంధువులందరూ విడదీయరానంత గట్టిగా అతికి ఉన్నారు. స్క్రూలున్న పేజీ ఒక్కటే, అది అలివేలుది. సులువుగా ఊడుతుందో లేదో ఇప్పటికే ముగ్గురు చూశారు.